ఇంటర్ తర్వాత ఆర్మీలో బీటెక్: ఈఏపీసెట్ సీటు వదిలేయొచ్చా?

గోదారి_గట్టు
మా అబ్బాయి ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు ఓ మోస్తరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో పక్క ఊళ్ళో ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. ఈలోగా మాకు మాటమాత్రం చెప్పకుండా ఆర్మీ టీఈఎస్‌కి (టెక్నికల్ ఎంట్రీ స్కీమ్) అప్లై చేశాడు. షార్ట్‌లిస్ట్ అయ్యాడు, బెంగళూరులో ఎస్ఎస్‌బీకి (సెలక్షన్ బోర్డు పరీక్షలకి) తేదీ కూడా ఎంచుకున్నాడు. ఇప్పుడేమో కాలేజీ ఫీజు కట్టొద్దు, మిలిటరీ కాలేజీలోనే ఇంజినీరింగ్ చదువుతా అని భీష్మించుకు కూర్చున్నాడు. మా ఆవిడ రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. ఒక్కడే కొడుకు. తెలిసినవాళ్ళని అడిగితే తలా ఒక మాట. చదువు నిజంగా ఉచితమా? ఆ డిగ్రీ బయట చెల్లుతుందా? మధ్యలో వద్దనుకుంటే ఏమవుతుంది? అన్నిటికన్నా ముందు, ఈ సీఎస్ఈ సీటు ఏం చెయ్యాలి? ఫీజు కట్టడానికి వారమే గడువు.

పలాస_జీడి
ఫీజు కట్టేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
ఆర్మీలో ఇంజినీరింగా? నాలుగేళ్ళు పనిచేసి వచ్చేయాలి కదా, ఆ స్కీమే కదా ఇది?

రిటైర్డ్_సుబేదార్
మిర్చిబజ్జీ గారూ, మీరనేది అగ్నివీర్. అది జవాన్ల భర్తీ. టీఈఎస్ అంటే ఆఫీసర్ ఎంట్రీ. శిక్షణ పూర్తయ్యాక లెఫ్టినెంట్‌గా పర్మనెంట్ కమిషన్ ఇస్తారు. ఈ రెంటినీ కలిపేసి ఇళ్ళల్లో గొడవలు పెట్టుకుంటున్నారు జనం. నేను ఈఎంఈలో (సైన్యం మరమ్మతు విభాగంలో) పనిచేసి రిటైరయ్యాను, కాస్త తెలిసిందే చెప్తున్నా.

గోదారి_గట్టు గారూ, మీవాడు మిలిటరీ కాలేజీ అంటున్నది మూడింటిలో ఒకటి. పుణెలో సీఎంఈ, మధ్యప్రదేశ్ మౌలో ఎంసీటీఈ, మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఎంసీఈఎంఈ. మొదటిది ఇంజనీర్స్ కోర్‌ది, రెండోది సిగ్నల్స్‌ది, మూడోది ఈఎంఈది. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం మొదటివాళ్ళ పని. ట్యాంకులు, తుపాకులు, రాడార్లు మరమ్మతు చేసేది మావాళ్ళు. మూడేళ్ళు ఈ కాలేజీల్లోని కేడెట్ ట్రైనింగ్ వింగ్‌లో చదువూ డ్రిల్లూ కలిపి నడుస్తాయి. ఆ తర్వాత ఏడాది డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ ఐఎంఏలో. పాత పద్ధతిలో గయలో ఏడాది ఉండేది, మొత్తం అయిదేళ్ళు. ఇప్పుడు నాలుగేళ్ళకి కుదించారు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి గయ గయ అంటున్నారు చాలామంది.

తిండి, బస, చదువు, బట్టలు అన్నీ ప్రభుత్వానివే. మూడేళ్ళు అయ్యాక చివరి ఏడాది నెలకి 56,100 స్టైపెండ్ ఇస్తారు. డిగ్రీ ఢిల్లీ జేఎన్‌యూది, బీటెక్. బయట చెల్లుతుందా అనే సందేహమే అక్కర్లేదు.

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
జేఎన్‌యూనా?? అక్కడ బీటెక్ కూడా ఉందా!

అల్వాల్_అన్న
ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) డిగ్రీ కూడా జేఎన్‌యూదే బ్రో. ఈ కాలేజీలన్నిటికీ డిగ్రీ ఇచ్చేది వాళ్ళే. క్యాంపస్‌లో చదవరు, సర్టిఫికెట్ మీద పేరు వాళ్ళది.

మా ఇల్లు తిరుమలగిరి దగ్గరే. ఆదివారం పూట ఆ కేడెట్లు బయటికి వస్తారు, దాన్ని లిబర్టీ అంటారు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టై, గుండుకి ఒక మెట్టు పైన కటింగ్. బిర్యానీ హోటల్లో కూర్చుని ఒక్కొక్కడు రెండు ప్లేట్లు లాగిస్తాడు, ఒక కన్ను గడియారం మీదే. పక్క టేబుల్ మీద అదే వయసు ఇంజినీరింగ్ పిల్లలు రీల్స్ తీసుకుంటుంటారు.

కడప_కుర్రోడు
అంటే రీల్స్ తీసుకునేవాళ్ళు పనికిరానివాళ్ళనా అన్నా

అల్వాల్_అన్న
నేనట్లా అన్లేదు. వీళ్ళు మూడు ప్లేట్లు తింటారు, కానీ టైమ్ చూస్కోరు.

శ్రీనగర్‌కాలనీ_టెకీ
నేను వేరే మాట చెప్తా, తిట్టుకోవద్దు. సీఎస్ఈ సీటు చేతిలో ఉంది. నాలుగేళ్ళకి ఉద్యోగం, ఇంటి దగ్గరే ఉండొచ్చు, తల్లి భయం తీరుతుంది. ఆర్మీలో మీకు కంప్యూటర్ సైన్స్ ఇస్తారన్న గ్యారంటీ లేదు. సివిల్ ఇస్తే సివిల్, మెకానికల్ ఇస్తే మెకానికల్. ఇంజినీరింగ్ చదవాలన్నదే కోరికైతే అంత దూరం పోవాలా?

రిటైర్డ్_సుబేదార్
టెకీ గారు అడిగింది సరైన ప్రశ్న. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పద్ధతి అక్కడ లేదు. వాళ్ళ అవసరం, మెరిట్ చూసి పంపుతారు. కాబట్టి మీవాణ్ణి కూర్చోబెట్టి ఒకటే అడగండి: రేపు సియాచిన్‌కో, రాజస్థాన్ ఎడారికో పోస్టింగ్ వస్తే వెళ్తావా? దానికి వాడు ఊ అంటే మిగతా మాటలు. బీటెక్ ఫ్రీగా వస్తుందని మాత్రమే వెళ్ళేవాడు మొదటి టర్మ్ కూడా తట్టుకోలేడు. పొద్దున్న నాలుగున్నరకి లేపి, పీటీ చేయించి, పరుగెత్తించి, ఆ తర్వాత థర్మోడైనమిక్స్ క్లాసులో కూర్చోబెడతారు. కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య అక్కడే అబ్బుతుంది. తప్పు చేస్తే రగడా. అది తిట్టు కాదు, శిక్ష. ఫ్రంట్ రోల్స్ కొట్టాలి.

చెస్ట్_నెం_17
సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను టీఈఎస్‌కి ఎస్ఎస్‌బీలో రికమెండ్ (ఎంపికకి సిఫారసు) అయ్యాను, మెరిట్ లిస్టులో ఆగాను, మెడికల్స్ కథ తర్వాత చెప్తా. గోదారి అంకుల్, ముందు మీరు తెలుసుకోవాల్సింది ఎస్ఎస్‌బీ సంగతి. షార్ట్‌లిస్ట్ అయితే సగం అయిపోయిందనుకుంటారు ఇంట్లోవాళ్ళు. టీఈఎస్‌లో రాత పరీక్ష లేదు కాబట్టి అసలు వడపోత అంతా అక్కడే. అయిదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే సగానికి పైగా జనాన్ని బస్సెక్కించి రైల్వే స్టేషన్‌లో దింపేస్తారు.

స్క్రీనింగ్‌లో ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. ఆ తర్వాత గుంపుగా కూర్చోబెట్టి అందరూ కలిసి ఒకే కథ చెప్పమంటారు. అక్కడ చేపల మార్కెట్టే. అరిచినవాడు గెలుస్తాడనుకుంటారు, గెలవడు. నోరు విప్పనివాడూ గెలవడు. మన తెలుగు పిల్లలు చాలామంది రెండో రకం. జేఈఈలో మిగతావాళ్ళ కన్నా వెయ్యి మెట్లు పైన ఉంటారు, అక్కడ మాత్రం గోడకి ఆనుకుని కూర్చుంటారు.

దాటితే రెండో రోజు సైకాలజీ. బొమ్మలకి కథలు, 60 మాటలు ఒక్కోదానికి 15 సెకన్లు, 60 సందర్భాలకి అరగంట. తర్వాత రెండు రోజులు మైదానంలో జీటీఓ (గ్రూపు పరీక్షల అధికారి) పెట్టే పనులు: పలకలు, తాడు, డ్రమ్ములు ఇచ్చి గీత తొక్కకుండా అవతలికి దాటమంటారు. మధ్యలో ఇంటర్వ్యూ. చివరి రోజు కాన్ఫరెన్స్. ఆ తర్వాత ఎంపికైనవాళ్ళ నంబర్లు చదువుతారు. మన నంబర్ వినపడేదాకా ఊపిరి ఆడదు.

పలాస_జీడి
ఇంగ్లీషు సంగతేంటి? మావాడికి గ్రామర్ బానే వచ్చు, మాట్లాడమంటే చెమటలు.

చెస్ట్_నెం_17
తప్పుల్లేని ఇంగ్లీషు ఎవడూ మాట్లాడడు అక్కడ. హర్యానా కుర్రాళ్ళు హిందీ కలిపేసి దంచుతారు. రోజూ పేపర్లో ఒక వార్త చదివి మూడు నిమిషాలు అద్దం ముందు చెప్పమనండి. జీటీఓలో లెక్చరెట్ అని అదే పని ఉంది.

కడప_కుర్రోడు
సీమ కుర్రోళ్ళకి చెమటలు పట్టవు. మాకు మాట్లాడమంటే చాలు, ఆపమనడమే కష్టం.

ఓరుగల్లు_పిల్ల
కోచింగ్ అవసరమా? మా తమ్ముణ్ణి హైదరాబాద్‌లో ఒక డిఫెన్స్ అకాడమీలో చేర్చాం. బోర్డు మీద మాజీ ఆఫీసర్ల ఫొటోలు, లోపల పాఠం చెప్పేది మొన్నటిదాకా ఇంకో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పిన సారు. 60 మాటలకీ రెడీమేడ్ వాక్యాలు బట్టీ పట్టించారు. వాడు ఎస్ఎస్‌బీలో అవే రాశాడు, అదే అకాడమీ నుంచి వచ్చిన ఇంకో అబ్బాయి కూడా అవే రాశాడట. ఇద్దరూ ఒకే రైల్లో తిరిగొచ్చారు. డబ్బు అడిగితే గ్యారంటీ అన్నది సలహాకే గానీ ఫలితానికి కాదన్నారు.

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
ఒకే రైల్లో 😂 సారీ అక్కా, నవ్వాపుకోలేకపోయా

రిటైర్డ్_సుబేదార్
ఎస్ఎస్‌బీకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి రైలు చార్జీ వాళ్ళే ఇస్తారు. కనీసం ఆ టికెట్టూ ఆ బ్యాంకు వివరాలూ జాగ్రత్త పెట్టుకోమనండి. కోచింగ్ విషయంలో నా మాట: మైదానం పనులు ఒకసారి చూపించే చోటు దొరికితే వెళ్ళొచ్చు. జవాబులు బట్టీ పట్టించే చోటు మాత్రం వద్దు. వాళ్ళు చూసేది జవాబుల మధ్య పొంతన.

గోదారి_గట్టు
అందరికీ ధన్యవాదాలు. పర్సంటేజీ విషయం ఒకటి. టీఈఎస్‌కి పీసీఎంలో (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్) 60 శాతం ఉండాలి కదా, మావాడు రెండేళ్ళవీ కలిపి లెక్కేసి ఫారంలో రాశాడు. అది సరైనదేనా?

కడప_కుర్రోడు
ఇంటర్ మెమో రెండేళ్ళది కదా, కలిపే రాయాలి.

చెస్ట్_నెం_17
కాదు కడప. నోటిఫికేషన్‌లో పన్నెండో తరగతి మార్కులే లెక్క అని ఉంటుంది. మన బోర్డుకి అంటే సెకండియర్ మాత్రమే. మా బ్యాచ్‌కి మ్యాథ్స్ 2ఏ, 2బీ 75 చొప్పున, ఫిజిక్స్ కెమిస్ట్రీ 60 థియరీ 30 ప్రాక్టికల్స్. మొత్తం 330కి లెక్క. కొత్త పరీక్షా విధానంలో రాసినవాళ్ళు తమ మెమోలో ఎంతకి ఎంత ఉందో చూసుకోవాలి. 60 అన్నది అప్లై చెయ్యడానికి కనీసం మాత్రమే, పిలిచే కటాఫ్ అంతకన్నా చాలా పైన ఉంటుంది. పైగా జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. అంకుల్, ఫారంలో తేడా ఉంటే ఎస్ఎస్‌బీలో డాక్యుమెంట్స్ చూసేటప్పుడు ఇబ్బంది పడొచ్చు. తేడా ఎంతో ఇప్పుడే లెక్కేసి, జాయిన్ ఇండియన్ ఆర్మీ సైట్‌లో ఉన్న దారిలో ముందే తెలియజేయండి.

కడప_కుర్రోడు
ఓకే, నోటిఫికేషన్ తీసి చూశా. 17 చెప్పిందే కరెక్టు.

పలాస_జీడి
పేరు కూడా చూసుకోండి బాబూ. మనకి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, జేఈఈలో ఇనీషియల్ మాత్రమే. మూడూ మూడు మనుషుల్లా కనిపిస్తారు. మా అన్నయ్య కొడుక్కి ఇదే తలనొప్పి వచ్చి చివరికి అఫిడవిట్ పట్టుకుని తిరిగాం.

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
మా ఫ్రెండ్‌ని ఎస్ఎస్‌బీలో ఇంటిపేరుతో పిలుస్తుంటే ఎవర్నో పిలుస్తున్నారని కూర్చున్నాడట.

శ్రీనగర్‌కాలనీ_టెకీ
సీటు సంగతికి వద్దాం. పలాస గారు మొదట్లోనే అన్నారు ఫీజు కట్టమని. నేనూ అదే అంటాను, కానీ ఒక మెలిక ఉంది. టీఈఎస్ జనవరి కోర్సు కోసమైతే ఎస్ఎస్‌బీ, మెడికల్స్, మెరిట్ లిస్టు అన్నీ అయ్యేసరికి ఏడాది చివరికొస్తుంది. అప్పటికి మొదటి సెమిస్టర్ నడుస్తుంటుంది. కాలేజీ వదిలేయాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి కాలేజీ బీరువాలో ఉంటాయి.

ఓరుగల్లు_పిల్ల
అదే జరిగింది మా పెదనాన్న కొడుక్కి! జాయినింగ్ లెటర్ వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే ఆ ప్రైవేటు కాలేజీ వాళ్ళు నాలుగేళ్ళ ఫీజూ కట్టి తీసుకెళ్ళమన్నారు. సీటు ఖాళీ పోతే మాకు నష్టం అని వాదన. ఇంజినీరింగ్ కాలేజీలని నియంత్రించే ఏఐసీటీఈ నియమాల కాపీ పట్టుకుని పెదనాన్న నాలుగు రోజులు ఆఫీసు రూము ముందే కూర్చున్నాడు. చివరికి ఆ ఏడాది ఫీజు పోయింది, కాగితాలు మాత్రం వచ్చాయి.

శ్రీనగర్‌కాలనీ_టెకీ
అదే. చూసుకుని ఒరిజినల్స్ వెనక్కివ్వాలి, దగ్గర పెట్టుకోకూడదని ఏఐసీటీఈ స్పష్టంగా చెప్పింది. వినే కాలేజీలు ఉన్నాయి, విననివీ ఉన్నాయి. అందుకని చేర్చేటప్పుడే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వక తప్పకపోతే ఏమేం ఇచ్చారో రాయించుకుని, ముద్ర వేయించిన రసీదు తీసుకోండి. ఆర్మీకి అప్లై చేశాడని కాలేజీలో ముందే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే చెప్పను.

రిటైర్డ్_సుబేదార్
చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. ప్రిన్సిపాల్ మంచివాడైతే సాయం చేస్తాడు. ఆఫీసర్ అయితే కాలేజీ బోర్డు మీద ఫొటో కూడా వాళ్ళే వేసుకుంటారు.

శ్రీనగర్‌కాలనీ_టెకీ
సార్, మీరు మంచివాళ్ళ మధ్య పనిచేసి వచ్చారు.

అల్వాల్_అన్న
😂😂

బందరు_లడ్డు
నాకో డౌట్. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అమ్మాయిలకి టీఈఎస్ ఉందా?

చెస్ట్_నెం_17
టీఈఎస్ అబ్బాయిలకే, పెళ్ళి కానివాళ్ళకి, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య. కానీ నీకు రెండు దారులున్నాయి. ఒకటి ఎన్డీఏ. ఏడాదికి రెండుసార్లు యూపీఎస్సీ పరీక్ష: లెక్కలు 300, జనరల్ ఎబిలిటీ 600, ఎస్ఎస్‌బీకి 900. అక్కడ నేవీ, ఎయిర్‌ఫోర్స్ కేడెట్లకి బీటెక్ ఉంటుంది, ఆర్మీ కేడెట్లకి బీఎస్సీ, బీఏ. మూడేళ్ళ తర్వాత ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు మన దుండిగల్‌కి వస్తారు, నేవీ వాళ్ళు కేరళ ఎళిమలకి వెళ్తారు. సుప్రీంకోర్టు 2021లో దారి తెరిచింది. 2022లో చేరిన మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది 2025 మేలో పాసై బయటికొచ్చారు.

రెండోది నేవీ 10+2 బీటెక్ కేడెట్ ఎంట్రీ. జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు, వేరే రాత పరీక్ష లేదు. పీసీఎంలో 70 శాతం, టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. నాలుగేళ్ళూ ఎళిమలలోనే. ఈమధ్య దీన్ని అమ్మాయిలకి కూడా తెరిచారు. సీట్లు తక్కువ.

బందరు_లడ్డు
థాంక్యూ అన్నా. నేవీ అంటే మా నాన్న ఒప్పుకోవచ్చు, నీళ్ళ పక్కన ఊరే కదా మాది.

గుంటూరు_ఘాటు
జనాలు ఇంకోటి కూడా కలిపేస్తున్నారు. పుణె దిఘీలో ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. అది సైన్యంలో పనిచేసేవాళ్ళ, చేసినవాళ్ళ పిల్లల కోసం మామూలు ఇంజినీరింగ్ కాలేజీ. జేఈఈ మెయిన్‌తో సీటు, ఫీజు కట్టాలి, చదివాక సైన్యంలో చేరాలన్న రూలేం లేదు. మా బావగారు హవల్దారుగా రిటైరయ్యారు, వాళ్ళ అమ్మాయి అక్కడ చదివి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తోంది. ఊళ్ళో మాత్రం పిల్ల మిలిటరీలో ఉందనే చెప్పుకుంటారు. కొందరు గన్ ఉందా అని కూడా అడిగారు.

రిటైర్డ్_సుబేదార్
సైనిక్ స్కూళ్ళు కూడా అంతే. కోరుకొండ, కలికిరి పేర్లు చెప్పి ఇంటర్ అయినవాళ్ళు అడుగుతారు. అవి ఆరులో, తొమ్మిదిలో చేరే బడులు. ఇప్పుడు అడిగి లాభం లేదు.

గోదారి_గట్టు
మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ అడుగుతున్నది అదే. వాడు అక్కడ ఉండలేకపోతే?

చెస్ట్_నెం_17
తనంతట తానే వద్దని వచ్చేస్తే అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చు ప్రభుత్వానికి కట్టాలి. చేరేటప్పుడే తండ్రి చేత బాండు రాయించుకుంటారు. వారాల లెక్కన వేస్తారు, ఎంత ఆలస్యంగా వదిలేస్తే అంత పెద్ద మొత్తం. అందుకే చాలామంది మొదటి టర్మ్‌లో ఏడ్చినా ఉండిపోతారు, తర్వాత అలవాటు పడతారు.

పలాస_జీడి
ఇంకో మాట ఉంది, చెప్పకపోతే బావుండదు. ట్రైనింగ్‌లో దెబ్బ తగిలి మెడికల్ కారణాలతో ఇంటికి పంపితే? మా ఊరి పక్కన అబ్బాయి అలా వచ్చాడు, వెన్నుపూస. కమిషన్ రాకముందు కాబట్టి మాజీ సైనికుడి హోదా ఇవ్వలేదు. నెలకి ఎక్స్‌గ్రేషియా అని ఏదో కొంత వస్తుంది.

రిటైర్డ్_సుబేదార్
నిజమే, ఇది పెద్ద లోపం. ఎన్నో ఏళ్ళుగా ఈ పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకి తీసుకుంది, ఆ తర్వాత వీళ్ళకి మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్ఎస్ వైద్యం వర్తింపజేశారు. అంతకు ముందు అది కూడా లేదు. అయినా సరే, అమ్మగారికి ఈ మాట దాచిపెట్టి పిల్లాణ్ణి పంపడం న్యాయం కాదు. తెలిసే పంపాలి.

శ్రీనగర్‌కాలనీ_టెకీ
ఇదే నేను చెప్పేది. సాఫ్ట్‌వేర్‌లో వెన్నునొప్పి వస్తే కుర్చీ మారుస్తారు.

కడప_కుర్రోడు
సాఫ్ట్‌వేర్‌లో వెన్నునొప్పి రాకముందే ఉద్యోగం పోతుంది అన్నా. వార్తలు చూస్తలేవా?

శ్రీనగర్‌కాలనీ_టెకీ
చూస్తున్నా తమ్ముడూ. చూడకపోతే ఈ టైమ్‌లో ఫోరంలో ఎందుకుంటా.

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
జీతం ఎంతో ఎవరూ చెప్పట్లేదు, అసలు విషయం అదే కదా

రిటైర్డ్_సుబేదార్
లెఫ్టినెంట్‌కి లెవెల్ 10, మూల వేతనం 56,100 దగ్గర మొదలు. దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, పోస్టింగును బట్టి అలవెన్సులు. క్వార్టర్స్, క్యాంటీన్, వైద్యం. ఇరవై ఏళ్ళు చేస్తే పెన్షన్. చదువు కూడా ఆగదు. ఆఫీసర్లని ఎంటెక్‌కి ఐఐటీలకి జీతమిచ్చి పంపుతారు, నా కింద పనిచేసిన, కాదు, నేను ఎవరి కింద పనిచేశానో ఆ మేజర్ సాబ్ అలా వెళ్ళొచ్చినవాడే. గేరుబాక్సు విప్పితే మా వర్క్‌షాప్ కుర్రాళ్ళు పనాపి చూసేవాళ్ళు. చొక్కా మోచేతుల దాకా మడిచి, గ్రీజులో చెయ్యి పెట్టి, పళ్ళచక్రం అరుగుదల వేలితో తడిమి చెప్పేవాడు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో. చాలాసార్లు లాగ్‌బుక్‌కి దగ్గరగానే ఉండేది.

అల్వాల్_అన్న
సార్, మీరు ఇంకా రాయండి. ఇలాంటివి.

మోడరేటర్_2
జీతం, సాఫ్ట్‌వేర్ vs ఆర్మీ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఎవరి రోల్ నంబర్లూ, కాల్ లెటర్ ఫొటోలూ ఇక్కడ పెట్టొద్దు. ఒకటి తీసేశాను.

చెస్ట్_నెం_17
మెడికల్ కథ చెప్తానన్నా కదా. రికమెండ్ అయ్యాక అక్కడే బెంగళూరు మిలిటరీ ఆసుపత్రిలో పరీక్షలు మొదలవుతాయి. తల నుంచి కాలిగోరు దాకా చూస్తారు. మా గుంపులో ఒకడికి చెవిలో గుబిలి, ఒకడికి బరువు ఎక్కువ, ఒకడికి మోకాళ్ళు తగులుతున్నాయని, ఇంకొకడికి పాదం చదునుగా ఉందని. నాకు ముక్కులో దూలం వంకర అన్నారు. పుట్టినప్పటి నుంచి ఆ ముక్కుతోనే ఊపిరి పీలుస్తున్నా, వంకరని ఎవరూ చెప్పలేదు. ఇలా చికిత్సతో పోయేవాటికి టెంపరరీ రిజెక్షన్ ఇస్తారు. 42 రోజుల్లోపు బాగుచేయించుకుని అప్పీల్ బోర్డుకి వెళ్ళొచ్చు. నేను ఆపరేషన్ చేయించుకుని వెళ్ళా, ఫిట్ ఇచ్చారు. మెరిట్ లిస్టులో మాత్రం నా పేరు రాలేదు. రికమెండ్ అయ్యి, ఫిట్ అయ్యి, మెరిట్‌లో ఆగిపోయినవాళ్ళు మా గ్రూపులో చాలామందిమి. ఒక్కో కోర్సుకి 90 దాకానే సీట్లు.

అందుకని అంకుల్, ఎస్ఎస్‌బీకి ముందే ఊళ్ళో ఒకసారి చూపించండి. పళ్ళు (14 డెంటల్ పాయింట్లు ఉండాలి), చెవులు, ముక్కు, రంగుల గుర్తింపు, కళ్ళు. ఎన్డీఏకి వెళ్ళేవాళ్ళు లేసిక్ చేయించుకోవద్దు, అన్‌ఫిట్ చేస్తారు. టాటూ ఉంటే మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపూ, అరచేతి వెనకా తప్ప ఇంకెక్కడా కుదరదు.

కడప_కుర్రోడు
మరి నువ్విప్పుడు ఏం చేస్తున్నావ్ 17?

చెస్ట్_నెం_17
ఈసీఈ మూడో ఏడాది, మామూలు కాలేజీలోనే. అప్పుడు మా నాన్న ఫీజు కట్టి ఉంచాడు కాబట్టి ఏడాది పోలేదు. డిగ్రీ అయ్యాక టీజీసీకో, షార్ట్ సర్వీస్ టెక్‌కో మళ్ళీ వెళ్తా. ఇంజినీరింగ్ పూర్తి చేసినవాళ్ళకి ఆ దారులు వేరే ఉన్నాయి.

గోదారి_గట్టు
బాబూ, ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. బీటెక్ అయ్యాక కూడా వెళ్ళొచ్చా?

చెస్ట్_నెం_17
వెళ్ళొచ్చు అంకుల్. వయసు పరిమితి ఉంటుంది, కానీ టైమ్ ఉంది. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే అప్లై చెయ్యొచ్చు.

గోదారి_గట్టు
సరే. ఇవాళ ఫీజు కట్టేశాను. ఒరిజినల్స్ అడిగారు, టెకీ గారు చెప్పినట్టు జిరాక్సులిచ్చి చూపించి తెచ్చుకున్నాను, గుమాస్తా మొహం మాడ్చుకున్నాడు. సెకండియర్ మార్కులతో లెక్కేస్తే పర్సంటేజీ ఇంకో రెండు పాయింట్లు పెరిగింది, అది మెయిల్ చేశాం. బెంగళూరుకి వాడితో పాటు నేనూ వెళ్తున్నా. మా ఆవిడ పచ్చడి సీసా కట్టిస్తోంది, లోపలికి రానిస్తారా?

రిటైర్డ్_సుబేదార్
పచ్చడి మీరు బయట తినండి. అయిదు రోజులు మెస్సులో వాళ్ళే పెడతారు, బానే ఉంటుంది. పిల్లాణ్ణి గేటు దగ్గర వదిలేసి వచ్చేయండి, అక్కడ నిలబడొద్దు. తండ్రులు గేటు దగ్గర ఉంటే పిల్లలు వెనక్కి చూస్తుంటారు.

బందరు_లడ్డు
మళ్ళీ నేనే. నేవీ ఎస్ఎస్‌బీ కూడా బెంగళూరులోనేనా? ఇంకోటి, కళ్ళద్దాలు ఉంటే కష్టమా?

గుంటూరు_ఘాటు
నేవీకి విశాఖలో కూడా ఎస్ఎస్‌బీ ఉంది. ఏది వస్తుందో నీ చేతిలో లేదు. కళ్ళద్దాలకి పరిమితి ఉంది, నోటిఫికేషన్ చివర మెడికల్ పేజీ ఉంటుంది, ప్రింటు తీసుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఆయనకి చూపిస్తే అయిదు నిమిషాల్లో చెప్తాడు.

చెస్ట్_నెం_17
జేఈఈ మెయిన్ ఫారంలో పేపర్ 1 పెట్టావా లేదా చూసుకో. నేవీ వాళ్ళు చూసేది బీటెక్ ర్యాంకే.

బందరు_లడ్డు
పేపర్ 1 పెట్టా, రెండు సెషన్లూ. ఇంకొక్కటి అడుగుతా, నవ్వొద్దు. ఈత రాకపోతే తీసుకోరా?

మిర్చిబజ్జీ_విత్_ఉల్లి
బందరు పిల్లవి, ఈత రాదా!!

బందరు_లడ్డు
సముద్రం మా ఇంటి ముందు లేదండీ, మంగినపూడి దాకా పోవాలి. పోయినా మా అమ్మ మోకాళ్ళ లోతు దాటనివ్వదు.

రిటైర్డ్_సుబేదార్
అక్కడ నేర్పిస్తారమ్మా. ఈత రాని పంజాబ్ పిల్లలు ఎంతమంది నేవీలో చేరలేదు! ఇప్పుడు మీ ఊళ్ళో ఎక్కడైనా నేర్పేవాళ్ళు ఉంటే మొదలుపెట్టు, లేకపోతే పరుగు మీద పెట్టు. మెయిన్ పరీక్ష అయ్యేదాకా రెండూ పక్కన పెట్టినా నష్టం లేదు.